ఆదిమానవుల ఆహారవిహారములు - గృహస్థధర్మము

"మానవుడు ఆదిలో వేటగాడు కదా, మాంసము తిని పెరిగిన జాతి కదా, మనమేల విడువవలెను తాతగారూ?" అను ప్రశ్న నేడు ఆచారవంతుల గృహములలో గూడ వినబడుచున్నది. కళాశాలలో చదువు మనుమడు విస్తరిముందు కూర్చుండి అడుగును. "పేలియో ఆహారము" అను పేర నొక పద్ధతి నగరములలో వ్యాపించి, ధాన్యములను, పప్పులను, పాలను విడిచి రాతియుగపు మానవుని వలె భుజింపుడని బోధించుటచే ఈ ప్రశ్నకు మరికొంత బలము చేకూరినది. దీనికి మన పెద్దలు సాధారణముగా రెండు విధములుగా బదులు చెప్పుదురు. కొందరు కసరుదురు. మరికొందరు, పూర్వకాలమున నందరును కందమూలఫలములే భుజించిరనియు, మాంసము మాట పాశ్చాత్యుల కల్పన యనియు చెప్పుదురు. మొదటిది సమాధానము కాదు, రెండవది సత్యము కాదు. పూర్వపక్షమును దాని పూర్తిబలముతో నిలిపి, పిమ్మట సిద్ధాంతమునకు రావలెనని పాఠశాలలో మాకు నేర్పిన పద్ధతి. ఆ పద్ధతినే యిచటను అనుసరింతము.

ఆదిమానవులు ఏమి తినిరో వారు వ్రాసిపెట్టలేదు. వారి యెముకలు, దంతములు, పొయ్యిలలోని బూడిద, మాడిన గింజలు చెప్పుచున్నవి. పండ్లపై రాయివలె గట్టిపడిన గారలో, తిన్న పదార్థముల అంశములు వేలకొలది యేండ్లు చెడక నిలిచియుండును. నియాండర్తాల్ అను ప్రాచీన మానవజాతివారి పండ్లగారను పరీక్షించి 2017లో కొందరు శాస్త్రజ్ఞులు ఫలితములు ప్రకటించిరి. బెల్జియము దేశములోని స్పై గుహలో నివసించినవారి గారలో ఉన్ని ఖడ్గమృగము, అడవిగొఱ్ఱె జాడలు కనబడినవి. స్పెయిన్ దేశములోని ఎల్ సిద్రోన్ గుహవారి గారలో మాంసపు జాడయే లేదు. పుట్టగొడుగులు, పైన్ గింజలు, నాచు కనబడినవి. ఒకే జాతి, రెండు గుహలు, రెండు భోజనములు!

గలిలయ సరస్సులో నీరు తగ్గినప్పుడు, 1989లో, ఒహాలో అను చోట సుమారు 23000 సంవత్సరముల నాటి గుడిసెల అడుగులు బయటపడినవి. అచట చేపల యెముకలతోపాటు అడవియవలు, అడవిగోధుమలు మొదలగు అనేకవిధములైన గింజలు దొరకినవి. ఒక చదునైన రాతిపై పిండి రేణువులు గూడ నిలిచియుండెను. అనగా వ్యవసాయము పుట్టుటకు పదివేల యేండ్లకు పూర్వమే మానవుడు గింజలను నూరుకొని తినుచుండెను. ఇక మొరాకో దేశములోని తాఫొరాల్ట్ గుహ. అచట సుమారు 15000 యేండ్ల క్రిందట నివసించినవారు అడవిగొఱ్ఱెలను వేటాడినవారే. అయినను వారి ఆహారములో మొక్కల భాగము గణనీయముగా నుండెనని వారి యెముకలను, పండ్లను పరీక్షించి 2024లో నిర్ణయించిరి. దీనికి పూర్తిగా భిన్నముగా, ఉత్తరధ్రువప్రాంతపు మంచుభూములలో ప్రధానముగా సీలు మొదలగు జంతువుల మాంసముపై, చేపలపై ఆధారపడి జీవించిన ఇన్యూట్ జనులు గలరు.

కావున ఆదిమానవుని ఆహారము అను నొకే భోజనమెన్నడును లేదు. ధాన్యము ముట్టని రాతియుగము అనునది నేటివారి ఊహ. అయినను మాంసము దాదాపు అన్ని చోటులను ఉండెననుట నిశ్చయము. దానిని కాదనుట వలన మనకు లాభము లేదు, అవసరమును లేదు. ఏలయన, మన ధర్మశాస్త్రకారుడే దానిని ఏనాడో అంగీకరించినాడు. మనువు అయిదవ అధ్యాయమున మాంసభక్షణమును గూర్చి దీర్ఘముగా విచారించి, తుదకు అది ప్రాణుల సహజప్రవృత్తి యనియు, నివృత్తి మహాఫలప్రదమనియు చెప్పెను. యువకులు త్రవ్వి తెచ్చిన యెముకలు ప్రవృత్తిని నిరూపించుచున్నవి. నిరూపింపనిండు. నివృత్తి యనునది ప్రవృత్తి గలవానికే కదా! ఆకలి లేనివాని ఉపవాసమునకు ఫలమేమి? పూర్వము జరిగినది గనుక ధర్మమనినచో, గుహలో పుట్టిన శిశువులు మందులేక మరణించుటయు ధర్మమే కావలెను. ఆది యనునది కాలమును చెప్పును గాని కర్తవ్యమును చెప్పదు.

పూర్వపక్షమునకు ఇంతమాత్రము సమాధానము చాలును. కాని, విచారమిచట నిలిపినచో మనము గెలిచితిమను తృప్తి మిగులును. అది మంచిది కాదు. ఆదిమజీవనమును గూర్చి తెలియవచ్చిన విషయములలో మాంసముకంటె ముఖ్యమైనవి కొన్ని గలవు. అవి మాంసము తినువారినే గాక మనలను గూడ నిలదీయును.

ఆఫ్రికాఖండమున, టాంజానియా దేశపు ఉత్తరభాగములో, ఎయాసీ సరస్సు పరిసరములలో హాడ్జా అను జనులు నివసించుచున్నారు. మొత్తము జనసంఖ్య వెయ్యికి కొంచెము పైన. వారిలో కొన్ని వందలమంది మాత్రమే నేటికిని ప్రధానముగా వేటవలనను, వన్యఫలముల వలనను జీవించుచున్నారు. వారు మనకు సమకాలికులే. రాతియుగమునుండి మిగిలిపోయిన బొమ్మలు కారు. అయినను విత్తక, పెంపక బ్రతుకు మానవదేహము ఎట్లు నడచుకొనునో తెలిసికొనుటకు వారి జీవనము కొంత తోడ్పడును. స్త్రీలు కోసు తేల్చిన కఱ్ఱలతో నేలను త్రవ్వి దుంపలు తీయుదురు. కొన్నింటిని అచటనే నిప్పుపై కాల్చుకొని తిని, తక్కినవి యింటికి తెత్తురు. పురుషులు విల్లమ్ములతో వేటకును, తేనెకును పోవుదురు. తేనె వారికి మిక్కిలి ప్రియము. తేనెపట్టు ఉన్న చెట్టువద్దకు దారి చూపు నొక చిన్నపక్షి వారికి తోడు. బావోబాబ్ అను మహావృక్షపు కాయలలోని పిండివంటి గుజ్జు మరియొక ఆహారము. ఆ జాతి వృక్షమొకటి మన గోలకొండ కోటలో గూడ కలదు.

హాడ్జా పురుషుడు దినమునకు సుమారు 11 కిలోమీటర్లును, స్త్రీ సుమారు 6 కిలోమీటర్లును నడచునని లెక్కించిరి. గీత ఆరవ అధ్యాయమున భగవానుడు ఆహారమును విహారమును జంటగా పేర్కొనెను. విహారమనగా వినోదమని నేటివారి తలపు. అచట విహారమనగా అడుగులు వేయుట, నడక, యని శంకరులు వ్యాఖ్యానించిరి. శ్రీభాష్యకారులు ఆహారవిహారములు రెండును మితముగా నుండుటయే తాత్పర్యముగా గ్రహించిరి. ఈ రెండు వ్యాఖ్యానములును హాడ్జా జీవనములో కలిసి కనబడుట నాకు ముచ్చట గొలుపుచున్నది.

ఏలయన 2012లో వెలువడిన ఒక పరిశోధన అందరిని ఆశ్చర్యపరచినది. హెర్మన్ పాంట్జర్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును హాడ్జాలు దినమొక్కంటికి వ్యయము చేయు శక్తిని కొలిచిరి. కుర్చీలో కూర్చుండి పనిచేయు అమెరికావారికంటె వీరు ఎంతో యెక్కువ వ్యయము చేయుదురని అందరును తలచిరి. కాని దేహపరిమాణమును బట్టి సరిచూడగా, ఇరువురి వ్యయము ఇంచుమించు సమానమని తేలెను. దేహము ఒకచోట అధికముగా ఖర్చుపెట్టినచో మరియొకచోట పొదుపుచేసికొనునని దీనికి చెప్పిన వివరణము. కొండ నడచి యెక్కితిని గనుక నాలుగు లడ్లు అధికముగా తినవచ్చునని లెక్కలు వేసికొను యాత్రికులు ఇది గమనింపవలెను! నడక వలన ఆరోగ్యము కలుగుననుట సత్యమే; హాడ్జాలలో హృద్రోగలక్షణములు మిక్కిలి అరుదు. కాని నడక, మితము లేని భోజనమునకు ప్రాయశ్చిత్తము కాదు. మితము ప్రత్యేకముగా అవలంబింపవలసినదే.

విశ్రాంతి మాట గూడ చెప్పవలెను. వారు నిరంతరము శ్రమించువారు కారు. పగలు సుమారు 10 గంటలు కదలక విశ్రమింతురని 2020లో ప్రకటించిరి. ఇది మన కచేరీ ఉద్యోగి కూర్చుండు కాలమునకు తక్కువ కాదు! భేదమెచటననగా, వారికి కుర్చీలు లేవు. వారు నేలపై కూర్చుందురు, మోకాళ్లపై నిలుతురు, గొంతుకూర్చుందురు. అట్టి ఆసనములలో కాలి కండరములు పూర్తిగా నిద్రపోవు. నేలపై విస్తరి వేసికొని కూర్చుండుట, లేచుట మన యిండ్లలో నిన్నమొన్నటివరకు నుండెడిది. దానిని మోటదనమని మానుకొంటిమి. ఇప్పుడు మోకాళ్లు పట్టివేయుచున్నవని వైద్యుని వద్దకు పోవుచున్నాము.

హాడ్జా ముదుసలి స్త్రీల విషయము చెప్పక విడువరాదు. క్రిస్టెన్ హాక్స్ మొదలగు పరిశోధకులు 1980-90 ప్రాంతమున వారితో నుండి గమనించి, ప్రసవవయస్సు దాటిన అవ్వలు పడుచువారికంటె ఎక్కువసేపు దుంపలు త్రవ్వుచున్నారని వ్రాసిరి. తల్లి క్రొత్తబిడ్డతో నున్నప్పుడు పెద్దబిడ్డల పెరుగుదల ఆ అవ్వ శ్రమపై నాధారపడియున్నది. మానవజాతిలో స్త్రీ సంతానవయస్సు దాటిన పిమ్మట గూడ చిరకాలము జీవించుటకు కారణమిదియేనని వారి వాదము. వాదము సంగతి యెట్లున్నను, వేటగాడు తెచ్చు మాంసము ఒకనాడుండును, ఒకనాడుండదు. అవ్వ తెచ్చు దుంప ప్రతిదినము ఉండును. మానవుని వేటగాడని మాత్రమే పిలిచిన గ్రంథకర్తలు ఈ అవ్వను చూడలేదు కాబోలు.

మాంసము వచ్చిననాడు మాత్రము దానిని వేటగాడు ఒక్కడే అనుభవింపడు. ఈ విషయమున ఆఫ్రికా దక్షిణభాగమున కలహారి యెడారిలోని జు-హోన్సీ జనుల ఆచారము మిక్కిలి ఆలోచింపదగినది. రిచర్డ్ లీ అను పండితుడు 1963 నుండి వారి నడుమ నుండి చూచినాడు. జంతువును చంపినవానికి కాక, బాణము ఎవరిదో వారికి మాంసముపై హక్కు. బాణములను వారు తరచు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొందురు. కావున చేతగాని ముసలివాడును ఒకనాడు మాంసము పంచువాడగును. పెద్ద జంతువును చంపి వచ్చినవాడు గొప్ప చెప్పుకొనరాదు. చూడవచ్చినవారు, ఇంత బక్కజంతువు కొఱకా మమ్ము పిలిచితివని తూలనాడుదురు. 1964 ప్రాంతమున లీ పండుగకని బాగుగ బలిసిన యెద్దును కొని యిచ్చినప్పుడు, అందరును దానిని ఎముకల ప్రోవు అని యెగతాళి చేసిరట. అతడు నొచ్చుకొని కారణమడుగగా, ఎక్కువ మాంసము తెచ్చిన యువకుడు తనను ప్రభువుగా తలంచుకొనును, గర్వి ఒకనాడు ఎవరినైనను చంపును, కావున అతని హృదయమును చల్లబరచుటకే ఇట్లు పలుకుదుమని పెద్దలు చెప్పిరట. గ్రంథములు చదువక, అహంకారము అన్నదానములో ఎట్లు దూరునో వీరు కనిపెట్టినారు. అన్నదానముచేసి పేరు చెక్కించిన పాలరాతి పలకల ముందు నిలిచినప్పుడెల్ల నాకీ వృత్తాంతము జ్ఞాపకము వచ్చును.

వారు నిలువచేయనివారు. దొరకినది ఆనాడే పంచుకొందురు. శ్రీభాగవతము ఏడవ స్కంధమున నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మము చెప్పుచు, కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే దేహికి హక్కనియు, అంతకు మించి నాదనువాడు దొంగయే యనియు చెప్పినాడు. గాదెలు, నేలమాళిగలు గల మనకు అది వైరాగ్యవాక్యముగా తోచును. గాదె లేనివారికి అది దినచర్య.

అయినను వారిని దేవతలుగా చిత్రింపరాదు. హాడ్జాలలో పుట్టిన శిశువులలో సుమారు అయిదవవంతు ఏడాది నిండకమునుపే మరణింతురు. వేటమాంసములో కొన్ని భాగములు పురుషులకే యని వారిలో కట్టుబాటు గలదు. స్త్రీలు వానిని చూడరాదు. జు-హోన్సీలు వారమునకు రెండుమూడు దినములు మాత్రమే ఆహారమునకు పాటుపడుదురని లీ మొదట లెక్కించినప్పుడు, సుఖజీవనమన్న నిదియే యని విద్వాంసులు పొంగిపోయిరి. పిమ్మట గింజలు పగులగొట్టుట, వండుట, కట్టెలు తెచ్చుట గూడ లెక్కలో చేర్చగా ఆ సుఖము చాల తగ్గినది. వండుట పని కాదని తలంచుట ఒక్క మనకే పరిమితమైన దోషము కాదన్నమాట!

మన దేశమున నల్లమల అడవులలోని చెంచులు ఇట్లే త్రవ్వుగోలతో దుంపలు తీసి, కొండచరియలపై త్రాళ్లతో దిగి తేనె తెచ్చి జీవించినవారు. హైమెన్‌డార్ఫ్ అను పండితుడు వారిని గూర్చి 1943లో పెద్దగ్రంథము ప్రకటించెను. నేడు వారిలో పెక్కుమంది కూలివలనను, చౌకధరల బియ్యము వలనను బ్రతుకుచున్నారు. అహోబిలయాత్ర చేసినవారికి వారు పరాయివారు కారు. స్వామి వారి యాడపడుచును చేపట్టెనను కథచే చెంచులు ఆయనను తమ బంధువుగా భావింతురు. సంక్రాంతి పిమ్మట కనుమనాడు మొదలిడి పార్వేట ఉత్సవమూర్తి ఊరూర తిరిగి తన కల్యాణమునకు తానే పిలుపులు చేయుట నేటికిని జరుగుచున్నది. కందమూలములు త్రవ్వు చేతిని మన సంప్రదాయము హీనముగా చూడలేదనుటకు ఇంతకంటె ఏమి కావలెను? వాల్మీకి శబరియు పంపాతీరమున వన్యాహారమును ప్రోవుచేసి అతిథికొఱకు ఉంచినదే. ఎంగిలి చేసినదను కథ వాల్మీకములో లేదు. కూర్చిన శ్రమ మాత్రము ఉన్నది.

ఇక ధాన్యమునకు వత్తము. మన సాత్త్వికాహారమునకు మూలమదియే. సిరియా దేశమున యూఫ్రటీసు నదీతీరమున అబూ హురైరా అను ప్రాచీనగ్రామము నుండెను. ఆనకట్ట నీటిలో మునిగిపోకమునుపు, 1972, 73 సంవత్సరములలో దానిని త్రవ్విరి. వేటనుండి వ్యవసాయమునకు జనులు మారిన కాలపు గ్రామమది. అచటి యెముకలను పరీక్షించిన థెయా మోలెసన్ అను విదుషి 1994లో ఒక వింత విషయము వ్రాసెను. అనేక అస్థిపంజరములలో కాలి బొటనవ్రేలి కీలు అరిగి వంకరబోయినది. మోకాళ్లయందు, నడుము పైభాగపు వెన్నుపూసయందు గూడ వికారము లున్నవి. కారణము వెదకగా, నేలపై మోకరిల్లి, వ్రేళ్లు మడచి, వంగి, రెండు చేతులతో రాతిని ముందుకు వెనుకకు నెట్టుచు ప్రతిదినము గంటలకొలది గింజలు నూరుటయే యని తేలెను. అట్టి యెముకలు గలవారు అధికముగా స్త్రీలే. మధ్యయూరపులోని తొలి వ్యవసాయకాలపు స్త్రీల చేతియెముకలను నేటి పడవపందెగత్తెల చేతియెముకలతో పోల్చి 2017లో కేంబ్రిడ్జివారు చూచిరి. ఆనాటివారి భుజాస్థులు 11 నుండి 16 శాతము దృఢతరములు. పోటీలకు తెడ్లు వేయు స్త్రీలకంటె వంటకు పిండి నూరిన స్త్రీ అధికముగా శ్రమించినది!

ఇచటనే ధర్మప్రశ్న తిరిగి మనవైపు తిరుగును. మేము జంతువును చంపము, మా భోజనము హింసలేనిది యని చెప్పుకొను అధికారము మనకు ఎంతవరకు గలదు? మనువు మూడవ అధ్యాయమున గృహస్థుని యింట అయిదు వధ్యస్థానములను పేర్కొనెను. అవి యేవి? కత్తియు, కొట్టమును కావు. పొయ్యి, నూరురాయి, చీపురు, రోలు, నీళ్లకుండ. పంచసూనలని వీనికి పేరు. వీనిచే ప్రతిదినము జరుగు హింసకు నిష్కృతిగానే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. శాకాహారియు ఋణములేనివాడు కాడని శాస్త్రముయొక్క నిశ్చితాభిప్రాయము. వ్యాఖ్యాతలు ఈ హింసను చీమలు, పురుగులు మొదలగు క్షుద్రజంతువుల విషయమున చెప్పుదురు. అది యుక్తమే. కాని అబూ హురైరా యెముకలను గూర్చి తెలిసిన పిమ్మట, నూరురాతివద్ద నలిగినది చీమ మాత్రమేనా యని నాకు సందేహము కలుగుచున్నది. నేడు తిరుగలి స్థానమున యంత్రము వచ్చినది. అయినను పండుగనాడు తెల్లవారకమునుపు లేచి మడికట్టుకొని, పదిమందికి వండి, వడ్డించి, మూడవజామున మిగిలినది తిను యిల్లాలు మన యిండ్లలో ఇంకను గలదు. కొన్నిసార్లు మిగులదు. హాడ్జా స్త్రీ తాను త్రవ్విన దుంపను అచటనే కాల్చుకొని ముందు తాను కొంత తినును. మన అన్నపూర్ణ కడపట తినును. ఇది సదాచారమని నా యీడువారు కొందరు వాదింతురు.

వారికి నేను చూపునది మనువుయొక్క అదే అధ్యాయము. అచట భోజనక్రమము స్పష్టముగా నున్నది. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడండ్రకును, కన్యలకును, రోగులకును, గర్భిణులకును అతిథులకంటె ముందుగానే, విచారము చేయక, భోజనము పెట్టవలెను. తరువాత అతిథులు, బంధువులు, భృత్యులు. వీరందరును భుజించిన పిమ్మట మిగిలినదానిని దంపతులు తినవలెను. భార్య మాత్రమే యని అచట లేదు. దంపతీ యని ఉన్నది, క్రియాపదమును ద్వివచనమే.